దొర గారి ఐదుంబావు సూది

పిల్లులకు కూడా షుగరు వస్తుందన్న సంగతి నాకు నలభై ఒకటో ఏట తెలిసింది. అంతవరకు తెలియకుండా బతకడంలో లోటేమీ కనిపించలేదు. ఇప్పుడు గండం గడిచింది, అందుకని రాస్తున్నాను. పిల్లికి రెండు పూటలా సూది వేస్తూ మధ్యలో ఉద్యోగం కూడా చేయాల్సినవాళ్ళు మన వైపు ఎంతమంది ఉంటారో నాకు తెలియదు. ఒక్కరున్నా, మేం చేసిన తప్పు వాళ్ళు చేయకపోతే చాలు.

మేమంటే ముగ్గురం. కేజీఎఫ్‌లో, అంటే కోలారు బంగారు గనుల ఊళ్ళో, గని కంపెనీ కూలీలకు కట్టించిన పాత లైను ఇళ్ళలో ఒకదాంట్లో నేనూ, అమ్మా. పక్క వాకిలి మునిరత్నం మామది, అమ్మకు సొంత అన్న. మామ ఇరవై ఏడేళ్ళు భూమి కింద రాయి తొలిచాడు. గని మూతపడ్డాక పైకి వచ్చినవాడు, పైన జనం పని అని దేన్ని అంటున్నారో ఇప్పటికీ అర్థం కానట్టు చూస్తుంటాడు. నేను బెంగుళూరులో ఒక ఆరోగ్య బీమా కంపెనీలో చేస్తాను. మీ జబ్బు మా పాలసీ కిందకి ఎందుకు రాదో మర్యాదగా వివరించే ఉత్తరాలు నావే. తెల్లారేలోపు రైలెక్కితే మళ్ళీ ఇల్లు చేరేది రాత్రి ఎనిమిదికి.

ఇక దొర. నాలుగేళ్ళ క్రితం ఒక వానరోజు గోడ దూకి వచ్చి అమ్మ కుర్చీలో కూర్చున్నాడు. లేవమంటే ఒక చూపు చూశాడు. "మైన్ దొరలు ఇట్లే చూస్తా ఉండిరంట మా నాయిన కాలంలో" అని అమ్మే ఆ పేరు పెట్టింది. తర్వాత ఆమె వేరే కుర్చీ కొనుక్కుంది.

జూన్

మొదట నీళ్ళు. గిన్నె ఖాళీ. మళ్ళీ నింపితే మళ్ళీ ఖాళీ. ఎండలకని అనుకున్నాం. వానలు పడ్డా తాగుతూనే ఉన్నాడు. ఐదు కిలోల పిల్లి చేతికి ఎముకలు తగిలేలా అయ్యాడు. వెనక కాళ్ళు ఒక వారంలో ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు తయారయ్యాయి. గోడ ముందు నిలబడి పైకి చూసి, దూకక, తనకి పైన పనేమీ లేదన్నట్టు పక్కకి తిరిగేవాడు. నాకు భయం వేసింది అక్కడే. వాడికి పరువు ఎక్కువ.

కోలారులో పశువుల ఆసుపత్రికి కూరగాయల బుట్టలో పెట్టుకుని వెళ్ళాను. అక్కడ వరసలో పది ఆవులు, నాలుగు మేకలు, నేను. నా పక్కన సుగటూరు రైతు ఒకాయన ఆవు పగ్గం పట్టుకుని కూర్చున్నాడు.

"బుట్టలో ఏముండాదమ్మా?"

"పిల్లి."

"ఏమయిండాది దానికి?"

"నీళ్ళు శానా తాగుతోంది. షుగరేమో అని మా అమ్మ అంటోంది."

ఆయన బుట్టలోకి తొంగి చూశాడు. దొర ఆయన్ని చూశాడు. "మా ఆవు రెండు దినాలుగా గడ్డి ముట్టలేదని నేను చస్తా ఉంటే, నీకు పిల్లి షుగరా!" అని నవ్వాడు. నా భుజాన బ్యాగు చూసి, "నువ్వు పనికి పోవాలేమో గదా?" అన్నాడు.

"అవును."

"అట్లయితే ముందు పో. మా ఆవుకి ఆఫీసు లేదు."

పది ఆవుల వరసలో ఒక రైతు తన వంతు పిల్లికి ఇవ్వడం చిన్న విషయం కాదు. ఆయన వెనకున్నవాళ్ళు గొణిగారు కూడా. ఆయన పగ్గం ఇంకో చేతికి మార్చుకున్నాడు, అంతే.

డాక్టరమ్మ రక్తం చూసి, షుగరే అంది. రోజుకి రెండుసార్లు ఇన్సులిన్, సరిగ్గా పన్నెండు గంటల తేడాతో, తిండి పెట్టాకే. పాలన్నం బందు, బిస్కెట్లు బందు, ఉడికించిన కోడి మాంసం మాత్రమే. "రెండు పూటలా ఎవరుంటారు ఇంట్లో?" అని అడిగింది. అమ్మ ఉంటుంది అన్నాను. అబద్ధం కాదు. అమ్మ ఉంటుంది, సూది కనిపిస్తే స్పృహ ఉండదు.

జూలై, ఆగస్టు

లెక్క ఇలా కుదిరింది. ఐదింటికి తిండి, ఐదుంబావుకి నేను సూది వేసి స్టేషనుకు పరుగు. సాయంత్రం ఐదుంబావు నాది కాదు. ఆ వేళకు నేను ఎవరికో వాళ్ళ మోకాలు పాలసీ కంటే ముందే పుట్టిందని వివరిస్తూ ఉంటాను.

మామను అడిగాను. "అంతేనా?" అన్నాడు. సూదితో వంకాయలకి నీళ్ళు ఎక్కించి నేర్చుకున్నాడు. రెండు రోజులు మా ఇంట్లో నీళ్ళ వంకాయ కూర తిన్నాం.

అమ్మకి ఇంకో చిక్కు వచ్చింది. శనివారం మా పొయ్యి మీద నీచు ఎక్కదు. దొరకి శనివారం లేదు. అమ్మ రెండు రోజులు ఆలోచించి పెరట్లో మూడు రాళ్ళు పెట్టి, దాని మీద విడిగా ఒక గిన్నె పెట్టి, "ఇది ఇల్లు కాదు, బయట" అని తీర్పు చెప్పింది. అమ్మకీ షుగరే. ఆమె మీటరుతోనే దొర చెవి అంచున చుక్క రక్తం తీసి చూసేవాళ్ళం. ఇద్దరిలో దొర అంకె త్వరగా దిగొచ్చింది. అమ్మ దాన్ని మనసులో పెట్టుకుంది.

సాయంత్రాలు ఐదూ ఇరవైకి ఫోను మోగేది. "పాపా, తినినాడు. రెండు గీతలు యేసినా. బాగుండాడు." నలభై దాటినా నేను మామకి పాపనే. ఒక్కరోజు కూడా ఐదూ ఇరవై ఒకటి కాలేదు.

సూది గొట్టం మీద రెండు గీతలంటే ఒక చినుకంత. రంగు లేదు, చూడ్డానికి ఏమీ లేదు. ఆ చినుకు లోపలికి వెళ్ళి ఏం చేస్తుందో డాక్టరమ్మ చెప్పింది, అర్థమైందన్నాను. అర్థం కాలేదు. ఆగస్టులో ఒక ఆదివారం దొర గోడ ముందు నిలబడ్డాడు, పైకి చూశాడు, ఎక్కాడు. అమ్మ గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను ఉప్మా తింటున్నాను, ముద్ద నోట్లోనే ఉండిపోయింది. దొర పైన కూర్చుని కాలు నాకుతున్నాడు. చినుకంత నీళ్ళు ఐదడుగుల గోడెక్కడం మేం చూశాం. నేను దేవుడి విషయంలో ఎటూ తేల్చుకోని మనిషిని. ఆ ఉదయం మాత్రం ఎవరికో ఒకరికి దండం పెట్టాలనిపించింది.

ఆయుధ పూజ

అందుకేనేమో ఆ పూజ నాకు అంత నచ్చింది.

గనివాళ్ళ ఇళ్ళలో ఆయుధ పూజ అంటే తక్కిన పండగలన్నీ పక్కకి జరగాలి. మామ ఏటా తన పాత హెల్మెట్టు, టోపీ దీపం, ఇంత పొడవు స్పానరు కడిగి, పసుపు కుంకుమ పెట్టి వరసగా పేరుస్తాడు. మా ఆఫీసుకి ఆ రోజు సెలవు లేదు. ఎనిమిదికి వచ్చి మామ ఇంట్లోకి తొంగి చూస్తే, స్పానరు పక్కన అమ్మ షుగరు మీటరు, సూదుల డబ్బా, వాటి ముందు బొట్టు పెట్టుకుని ఇన్సులిన్ సీసా. దాని మూత మీద ఒక చామంతి రెక్క.

"ఇంటికి అన్నం పెట్టింది ఇవి," అన్నాడు మామ స్పానరు చూపించి. "పానం పెట్టింది అది. దానికి పూజ లేదంటే ఎట్ల?"

ఫోను తీశాను. ఫోటోలో సీసా నీడలో పడింది. వేలితో సీసాని దీపం పక్కకి జరిపాను. రెండు వత్తుల వెలుగు సీసాలోకి దిగి, లోపలి మందు తేనెలా మెరిసింది. చాలా మంచి ఫోటో. ఆఫీసు గ్రూపులో పెడితే అందరూ దండాలు పెట్టారు.

పూజలో పెట్టిన పనిముట్టుని తెల్లారి హారతి ఇచ్చేదాకా కదిలించరు. అది నాకూ తెలుసు. చల్లని చోట ఉంచాలని మందు డబ్బా మీద రాసి ఉంటుంది, అదీ నాకు తెలుసు. ఆ డబ్బా కూడా పూజలోనే ఉంది. ఐదు కొట్టకముందే మామ హారతి ఇచ్చి, సీసా తెచ్చి మా ఫ్రిజ్‌లో పెట్టాడు. ఐదుంబావుకి నేను సూది వేశాను. నేను డిగ్రీ చదివాను, మామ ఏడో తరగతి. ఈ విషయంలో మా ఇద్దరి చదువూ సమానం.

వారం తిరిగేసరికి నీళ్ళ గిన్నె మళ్ళీ ఖాళీ అవడం మొదలైంది. డాక్టరమ్మకి ఫోను చేశాను. మందు ఫ్రిజ్‌లోనే ఉందా అని అడిగింది. ఉంది అన్నాను, ఎదురుగా ఫ్రిజ్ తలుపు తీసి చూసి మరీ. మూడు గీతలు చేసింది. తర్వాత నాలుగు. తర్వాత ఐదు. మామ ప్రతి సాయంత్రం గీతల సంఖ్య మార్చి చెబుతూ వచ్చాడు. "బాగుండాడు" అన్న మాట మాత్రం ఆపేశాడు.

దీపావళి తర్వాత

ఒక పొద్దున ఆ సీసా అయిపోయింది. కొత్తది ముందు రాత్రే తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాను. ఆ సాయంత్రం మామ కొత్త సీసాలోంచి ఐదు గీతలు వేశాడు. చెప్పినంతే వేశాడు.

రైలు బంగారుపేటకి ఇంకా రాలేదు, ఏడు దాటింది. ఫోను మోగింది.

"పాపా, దొర నడవడంలే. గోడకి తల ఆనించుకొని నిలబడినాడు. పిలిస్తే చూడ్లే."

వెనక నుంచి అమ్మ: "కాళ్ళు కొట్టుకుంటా ఉండాడు అన్నా, పడిపోయినాడు!"

ఫోను తెగింది. సిగ్నల్ లేదు. నేను ఎక్కే పెట్టెలో రోజూ పేకాడే నలుగురుంటారు, ఏడేళ్ళుగా నేను వాళ్ళతో మాట్లాడింది కాళ్ళు తీయమనడానికే. వాళ్ళలో ఒకాయన ముక్కలు బోర్లా పెట్టి తన ఫోను నా చేతిలో పెట్టాడు. "ఇది పట్టుకుంటాదమ్మా, నంబరు కొట్టు."

డాక్టరమ్మ ఎత్తింది. షుగరు పడిపోయింది, తీపి ఏదైనా వేలితో చిగుళ్ళకి రాయండి, ఇప్పుడే, ఆగొద్దు అంది. ఇంటికి కొట్టాను.

"చక్కెర నీళ్ళు చెయ్యమ్మా, చిగుళ్ళకి రాయండి!"

"చక్కెర యాడిదే? నువ్వేగదా ఇంట్లో లేకుండా చేసింది!"

నిజమే. తేనె, బెల్లం కూడా. అమ్మ ఆరోగ్యం కోసం నేనే అన్నీ ఊడ్చేశాను. తర్వాత అమ్మ చాలా చిన్న గొంతుతో, "ఉండు" అంది.

బియ్యం డ్రమ్ము వెనక, చింతపండు జాడీకి అవతల, గులాబ్ జామూన్ పాకం ఒక సీసాడు ఉందట. గత ఐదేళ్ళుగా తీపి ముట్టని మనిషి దగ్గర. దొర దవడ మామ పట్టుకుని తెరిస్తే, సూది చూస్తే పడిపోయే మా అమ్మ, కొట్టుకుంటున్న పిల్లి నోట్లో వేలు పెట్టి, కోరలకీ బుగ్గకీ మధ్య పాకం రాసింది. రెండుసార్లు కరిచాడు. అమ్మ వేలు తీయలేదు.

పేకాటాయన ఫోను నా చేతిలోనే ఉంది. పెట్టె మొత్తం నన్నే చూస్తోంది. "ఎవరమ్మా, బిడ్డా?" అని ఒకామె అడిగింది. నేను తల ఊపాను. బంగారుపేట దాటాక నన్ను తలుపు దగ్గరికి చేర్చారు, బ్యాగు ఎవరో మోశారు. నేను మళ్ళీ రైలెక్కినప్పటి నుంచి ఆ నలుగురూ "బాబు ఎట్లుండాడు?" అని అడుగుతున్నారు. బాగున్నాడనే చెబుతున్నాను. ఇప్పుడు నిజం చెప్పడానికి ఆలస్యమైపోయింది.

ఇంటికి వచ్చేసరికి దొర అమ్మ ఒళ్ళో ఉన్నాడు. మూతి నిండా పాకం. కళ్ళు నావైపు తిరిగాయి, నన్ను గుర్తుపట్టాయి. ఒక పిల్లి నన్ను గుర్తుపట్టినందుకు ఏడుస్తానని నేనెప్పుడూ అనుకోలేదు.

ఎనిమిది రోజులు

పొద్దున్నే కోలారు. డాక్టరమ్మ దొరని పరీక్ష చేసింది, గండం తప్పింది అంది. ఐదు గీతలకి దిగిరాని షుగరు ఒక్క పూటలో అంత ఎందుకు పడిపోయిందని తనే గట్టిగా ఆలోచించింది. "పాత సీసా ఎప్పుడైనా వేడికి ఉందా?"

"లేదండీ" అన్నాను. అన్నాక గుర్తొచ్చింది. ఫోటో చూపించాను.

ఆమె దాన్ని వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూసింది. "ఉడికిన గుడ్డు మళ్ళీ పచ్చిదవుతుందా అమ్మా? ఇదీ అంతే. ఇన్నాళ్ళూ మీరు నీళ్ళు వేశారు. నేను ఆ నీళ్ళ లెక్క పెంచుకుంటూ పోయాను. కొత్త సీసా రాగానే ఐదు గీతలూ నిజం ఐదయ్యాయి." తిట్టలేదు. తిడితే తేలిగ్గా ఉండేది.

ఇది చదివే మీకు హెచ్చరిక ఇంతే. మందు చల్లగా ఉండాలి. సీసా మార్చినప్పుడు పాత లెక్క నమ్మి వేయకుండా డాక్టరుని అడగాలి. ఇంట్లో ఎవరికి ఎంత షుగరున్నా చేతికందే చోట కొంచెం తీపి ఉంచాలి, బియ్యం డ్రమ్ము వెనక కాకుండా.

ఇంటికి వచ్చి, దీపం వేడికి మందు చెడిపోయిందట అన్నాను. మామ మొహం రాయి అయిపోయింది. "పూజలో పెట్టింది నేనే గదా," అన్నాడు. సూదుల డబ్బా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఇక ఆ పని తనది కాదన్నాడు. మా గడప తొక్కలేదు.

నేను ఊరుకున్నాను. ముందు ఆ రోజుకి ఊరుకున్నాను. తర్వాత అది అలవాటైంది.

ఆఫీసులో బతిమాలితే ఒక వారం ఇంటి నుంచి పని చేయమన్నారు. రెండు పూటలా నేనే సూది వేశాను. సోమవారం నుంచి ఎప్పటిలాగే రావాలన్నారు. అమ్మ ఒకసారి ప్రయత్నించింది, సూది పిల్లికి తగలలేదు, ఆమె గోడకి తగిలింది. వేళలు మార్చొచ్చా అని డాక్టరమ్మని అడిగాను. పొద్దున ఐదుకి, రాత్రి తొమ్మిదికి అయితే? కుదరదంది. "రెండో పూట ఎవరూ లేకపోతే వాడు ఎక్కువ రోజులు ఉండడు. బాధపడకుండా పంపే దారి కూడా ఉంది, ఆలోచించుకోండి," అంది. నేను రోజూ రాసే ఉత్తరాలంత మర్యాదగా.

ఆదివారం సాయంత్రం ఐదు కావస్తుండగా మామ వాకిట్లోకి వెళ్ళాను. గొడుగు కమ్మి ఒకటి వంకర తీస్తున్నాడు.

"మామా, సీసా దీపం కాడికి జరిపింది నేను."

కమ్మి మీంచి చూపు తీయలేదు. "ఎప్పుడు?"

"ఆ రోజే. ఫోటో బాగా రావాలని. నువ్వు పెట్టిన తావు నుంచి జరిపినా."

"ఎంత?"

"రెండంగుళాలు. ఎక్కువే ఉంటాది."

"నేను పెట్టిన తావులో ఉంటే కాలకపోవునా?"

"తెలీదు మామా."

కమ్మి పక్కన పెట్టాడు. "ఎనిమిది దినాలు పాపా. అన్నం లోపలికి పోలే. కింద ఇరవై ఏడేండ్లు పనిచేసినా, నా చేతిలో ఒకనికీ దెబ్బ తగల్లే. ఇంగ ముసలోణ్ణయినాక ఒక పిల్లి పానం తీయబోతినే అని. చెప్పేదానికి ఏమాయ నీకు?"

నా ఉద్యోగంలో ఇలాంటి చోట వాడే వాక్యాలు చాలా ఉన్నాయి. అవేవీ వాడలేదు.

"సిగ్గు," అన్నాను.

మామ నన్ను చూశాడు. కోపంగానే చూశాడు, అది ఇంకా పూర్తిగా పోయిందని ఇప్పటికీ చెప్పలేను. తర్వాత ఎండ ఎక్కడిదాకా వచ్చిందో చూశాడు.

"తినినాడా?"

"పెట్టాలి."

"పెట్టు పో. చేతులు కడుక్కొని వస్తా."

ఇన్ని నెలల్లో మామ సూది వేయడం నేను చూడలేదు. వారంరోజులూ నేను రైల్లో, ఆదివారాలు పని నాది. ఆ రోజు తలుపు పక్కన నిలబడి చూశాను. కొత్త సీసాని రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా దొర్లించాడు. కుడి చూపుడువేలు మొదటి గణుపు దగ్గర వంకర, రాయి పడి ఎప్పుడో నలిగింది. ఆ వేలితోనే సూది గొట్టం పట్టి, వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి, ఒక్క గీత. ఇప్పుడు డాక్టరమ్మ చెప్పింది అంతే. కూర్చున్నాడు. నాలా చర్మం పట్టి లాగలేదు. దొర భుజాల మీద చెయ్యి ఆనించి ఊరికే ఉన్నాడు. ఆ చెయ్యి పిల్లి ఊపిరితోపాటు లేచి పడుతోంది. మామ ఏదో గొణుగుతున్నాడు, నాకు వినబడలేదు, నాతో కాదు.

నేను రెప్ప వేయకుండానే చూశాను. అయినా ఎప్పుడు గుచ్చాడో, ఎప్పుడు తీశాడో తెలియలేదు. చెయ్యి తీసి సూదికి మూత పెడుతుంటే తెలిసింది, అయిపోయిందని. దొర గిన్నెలోంచి తల కూడా ఎత్తలేదు.